పాత బుల్లెట్, కొత్త ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: టైమింగ్ పెట్టుకున్న నా అనుభవం

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిస్తే ఇంక జన్మల టైమింగ్ (స్పార్కు ఎప్పుడు పడాలె అన్న లెక్క) చూడనక్కర్లేదు అని ఎవరన్నా చెప్తే సగమే నమ్మండి. పాయింట్లు (విడిపోయినప్పుడు స్పార్కు ఇప్పిచ్చే పాత రకం కాంటాక్టులు) అరిగేది లేదు, గ్యాప్ తగ్గేది లేదు, కాబట్టి ఒకసారి పెట్టిన టైమింగ్ పెట్టినకాడనే ఉంటది, అది నిజమే. గానీ ఆ ఒక్కసారి ఎక్కడ పెట్టిన్రు అన్నదే అసలు సంగతి. పాయింట్లున్నప్పుడు తప్పుంటే ఎట్లాగూ కొన్నాళ్ళకు మళ్ళ విప్పుతం, సరి చేస్కుంటం. ఇది అట్ల కాదు, తప్పు పెడితే ఆ తప్పు కూడా కదలకుండ అట్లనే కూసుంటది.

నా బండి 1992 మోడల్ బుల్లెట్ 350. కాస్ట్ ఐరన్ ఇంజన్, కుడికాలికి గేర్లు, ఎడమకాలికి బ్రేకు. ముందు మా మేనమామ నడిపిండు, తర్వాత నాకొచ్చింది. 70 బోరు, 90 స్ట్రోకు, 346 సీసీ. ఈ ఇంజన్ అసలు ఊరు ఇంగ్లండ్‌లో రెడ్డిచ్, 1955 నుంచి మద్రాసులో చేసుడు మొదలుపెట్టిన్రు, మధ్యల మార్పులు వచ్చినయి గానీ లోపల సరుకు చాలావరకు ఆ కాలందే. అందుకే ఇప్పటి బండ్ల లెక్క క్రాంకు మీద టైమింగ్ గీతలు, చూస్కోవడానికి చిన్న మూత, ఇట్లాంటివి ఏం ఉండయి. గుర్తు కావాలంటే మనమే పెట్టుకోవాలె.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టింది సిటీలో ఒక వర్క్‌షాప్. పెట్టినంక కిక్కు మస్తు అల్కగ అయింది, చలికాలం పొద్దున కూడా మొదటి కిక్కుకే స్టార్ట్, బ్యాక్ కిక్ (కిక్కర్ తిరిగి కాలికి తన్నుడు) అన్న మాటే లేదు. కొన్ని రోజులు సంబరంగనే తిరిగిన. తర్వాత ఒక్కొక్కటి బయటపడ్డది. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద వెనకాల ఒక మనిషి ఉంటే టాప్ గేర్‌లో గుంజడం లేదు, థర్డ్‌కు దించాల్సి వస్తుంది. సిగ్నల్ దగ్గర నిలబడితే కుడి మోకాలికి సెగ. బెండ్ పైపు మీద క్రోమ్ ముందు పసుపు, ఆ తర్వాత నీలం. యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో పట్ పట్. షాపులో అడిగితే కార్బొరేటర్ ట్యూనింగ్ చేపియ్యమన్నరు, అదీ అయింది, తేడా ఏం లేదు.

చాదర్‌ఘాట్ అవతల ఒక చాచా ఉన్నడు, నలభై ఏండ్లకు పైన బుల్లెట్లే చేస్తున్నడు. బండి స్టాండు వేసి స్టార్ట్ చేసి, కొంచెం రేజ్ చేసి, పైపు రంగు చూసి, "బేటా, ఇది లేటుంది. మంట లోపల అయిపోవాలె గదా, పైపుల అయితుంది" అన్నడు. సరి చెయ్యమంటే మాత్రం చేతులు దులుపుకున్నడు, "ఏ డబ్బా వాలా కామ్ మేరా నై." పాయింట్లయితే కాగితం ముక్క మధ్యల పెట్టి, అది జారేకాడ టైమింగ్ పట్టేస్తడు ఆయన, ఈ మూసేసిన ఎలక్ట్రానిక్ డబ్బాలో ఏముందో కనపడదు కాబట్టి ముట్టుకోనన్నడు. నాకు ఆ మాట నచ్చింది. తెల్వని దాంట్ల వేలు పెట్టకుండ ముందే చెప్పేటోళ్ళు తక్కువ.

ఇంటికొచ్చి కిట్ పేపర్ మొత్తం చదివిన. అప్పుడు అర్థమయింది ఎక్కడ తేడా కొట్టిందో.

పాయింట్లున్న బుల్లెట్‌కి లెక్క ఏందంటే, పిస్టన్ టీడీసీకి (అది పైకి చేరే చివరి చోటు) ఇంక 0.8 మిల్లీమీటర్ దూరంలో ఉన్నప్పుడు పాయింట్లు అప్పుడే విడిపోవాలె. గ్యాప్ 0.35 నుంచి 0.40. ఈ 0.8 అంటే క్రాంకు మీద దగ్గర దగ్గర 10 డిగ్రీలు. ఇది వెయిట్లు పూర్తిగా మూసుకొని ఉన్నప్పుడు, అంటే స్టార్టింగ్ అప్పటి టైమింగ్. స్పీడు పెరిగినకొద్ది డిస్ట్రిబ్యూటర్‌లో ఉన్న వెయిట్లు బయటికి విచ్చుకొని కామ్‌ను ముందుకు తిప్పుతయి, స్పార్కు ఇంకా ముందు పడ్తది. ఎందుకు ముందు పడాలె అంటే, పెట్రోలు మండటానికి పట్టే టైము స్పీడుతో పాటు అంతగా తగ్గదు, క్రాంకు మాత్రం ఉరుకుతది. 900 ఆర్‌పీఎం ఐడిల్‌లో ఒక మిల్లీసెకండుకు క్రాంకు 5 డిగ్రీల చిల్లర తిరుగుతది, 3000 మీద అదే మిల్లీసెకండుకు 18 డిగ్రీలు. కాబట్టి 10 డిగ్రీల కాడ మంట పెడితే 3000 మీద పిస్టన్ కిందికి దిగిపోతుంటే ఇంక మండుతనే ఉంటది. చాచా చెప్పింది అదే.

ఎలక్ట్రానిక్ కిట్లు రెండు రకాలు. ఒకటి పాయింట్ల జాగలో సెన్సార్ పెట్టి, పాత వెయిట్లను అట్లనే వాడుకునేది. దానికి ఆ పాత 0.8 లెక్కే నడుస్తది. రెండోది వెయిట్లు తీసేసి, అడ్వాన్స్ (స్పార్కును ముందుకు జరుపుడు) మొత్తం డబ్బా చూస్కునేది. నాది ఈ రెండోది. ఇందులో సెన్సార్‌ను ఫుల్ అడ్వాన్స్ కాడ పెట్టాలె, నా పేపర్‌లో 32 డిగ్రీలు అని ఉంది, మీ కిట్‌కు ఏముంటే అది చూస్కోండి. సెన్సార్ సిగ్నల్ ఇచ్చినంక, స్పీడు తక్కువుంటే డబ్బా కొంచెం ఆగి స్పార్కు ఇస్తది, స్పీడు పెరిగినకొద్ది ఆగుడు తగ్గిస్తది, పైన పూర్తి స్పీడులో అసలు ఆగనే ఆగదు. అంటే లేటు చేసుడే దానికి వచ్చు, సెన్సార్ కంటే ముందు అది స్పార్కు ఇయ్యలేదు. అసొంటి డబ్బాకు పాత అలవాటుతో 0.8 కాడ సెన్సార్ పెట్టి, బండి ఐడిల్‌లో సరిగ్గ నిలబడతలేదని చెవితో కొంచెం ముందుకు తిప్పి బిగించిన్రు అన్నట్టు. కిక్కు ఎందుకు అంత అల్కగ ఉండెనో కూడా దీంతోనే తెలిసింది. అంత లేటుంటే బ్యాక్ కిక్ యాడికెళ్ళి వస్తది.

ఇంకో సంగతి, ఈ రెండో రకం కిట్ పెట్టి వెయిట్లు తీయడం మర్చిపోతే ఇంకా గోరం. డబ్బా అడ్వాన్స్, వెయిట్ల అడ్వాన్స్ రెండూ కలుస్తయి, పిస్టన్‌కు బొక్క పడ్డా ఆశ్చర్యం లేదు. మూత తీసి ముందు అదే చూసిన, అదృష్టం కొద్దీ వెయిట్లు తీసేసే ఉన్నయి.

సామాన్లకు పెద్ద ఖర్చేం కాలే. జీనాన్ టైమింగ్ లైట్ (స్పార్కు పడ్డప్పుడల్లా మెరిసేది) రాణిగంజ్‌లో దొరికింది, ప్లగ్గుకు పోయే హెచ్‌టీ వైరుకు క్లిప్పు తగిలించే రకం. మల్టీమీటర్ ఇంట్ల ఉన్నదే, దాని లీడ్లు పోతే కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చిన. డిగ్రీ వీల్ కొనలే, 360 డిగ్రీల చక్రం ప్రింట్ తీపిచ్చి పాత సీడీ మీద అతికిచ్చిన. పిస్టన్ స్టాప్ (ప్లగ్గు జాగలో ఎక్కిచ్చి పిస్టన్‌ను ఆపేది) బాలానగర్‌లో లేత్ మీద చేపిచ్చిన, పాత స్పార్క్ ప్లగ్ పింగాణీ పగలగొట్టి తీసేసి అందుల థ్రెడ్ కొట్టి బోల్ట్ ఎక్కియ్యడమే. బోల్ట్ కొన గుండ్రంగ రుద్దించుకోండి, లేకుంటే పిస్టన్ మీద గాటు పడ్తది.

ఇంక అసలు పని, నిజమైన టీడీసీ పట్టుకునుడు. ప్లగ్గు బొక్కల నుంచి స్పోకో స్క్రూడ్రైవరో పెట్టి అది పైకి లేచి ఆగేకాడ టీడీసీ అనుకునుడు మనోళ్ళందరి అలవాటు. దాంతోని స్టార్ట్ చేసేంత పని అయితది గానీ టైమింగ్‌కు పనికిరాదు. ఒకటి, బుల్లెట్‌కు ప్లగ్గు బొక్క వాలుగా ఉంటది, స్పోకు లేచినంత పిస్టన్ లేచినట్టు కాదు. రెండు, టీడీసీ దగ్గర క్రాంకు కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలినట్టే ఉండదు, ఆ కొన్ని డిగ్రీల్లో సరిగ్గ నడిమి ఎక్కడో కంటికి దొరకదు.

ఎడమ పక్క ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ తీసి, ప్రైమరీ కవర్ నడుమ ఉన్న ఒక్క పెద్ద నట్టు విప్పితే కవర్ మొత్తం చేతికొస్తది. కింద ట్రే పెట్టుకోండి, ఆయిల్ మొత్తం అక్కడినుంచే వస్తది. లోపల క్రాంకు చివర ఆల్టర్నేటర్ రోటర్ ఉంటది, దానికి నడిమిల సీడీ చక్రం బిగించిన. స్టేటర్ బోల్ట్ కింద గట్టి తీగ ముక్క ఒకటి పాయింటర్ లెక్క వంచి పెట్టిన. అది ఇటు అటు ఊగకుండ ఉండాలె, అది ఊగితే తర్వాత చేసేదంతా దండగ.

ముందు కంప్రెషన్ స్ట్రోకా కాదా చూస్కోవాలె. బుల్లెట్‌కు ఇది సులువు, కుడిపక్క బ్యారెల్ కింద ట్యాపెట్ డోర్ ఒక్క నట్టుతో ఊడుతది, పుష్‌రాడ్లు రెండూ వేళ్ళతో తిప్పితే తిరుగుతున్నయంటే రెండు వాల్వులూ మూసుకొని ఉన్నయి. ఇప్పుడు పిస్టన్‌ను కొంచెం కిందికి దించి, ప్లగ్గు జాగలో స్టాప్ ఎక్కిచ్చి, టాప్ గేర్‌లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగ ముందుకు తిప్పిన. పిస్టన్ వచ్చి స్టాప్‌కు మెత్తగ ఆగుతది, అక్కడ పాయింటర్ కింద నంబరు 38. మళ్ళ వెనక్కి తిప్పుకుంట పోతే క్రాంకు మొత్తం చుట్టు తిరిగి అవతలి పక్క నుంచి పిస్టన్ వచ్చి ఆగాలె, గానీ అట్ల పూర్తి చుట్టు తిప్పితే మధ్యల వాల్వులు తెరుచుకుంటయి, స్టాప్ కొనకు తగిలే ప్రమాదం. అందుకే నేను స్టాప్ తీసి, పిస్టన్‌ను టీడీసీ దాటిచ్చి, మళ్ళ స్టాప్ పెట్టి, వెనక్కి తిప్పి రెండో నంబరు చూసిన, 46. రెండూ కలిపి సగం చేస్తే 42. సీడీ చక్రాన్ని 4 డిగ్రీలు జరిపి, రెండు పక్కలా 42 వచ్చేదాక చూసిన. ఇప్పుడు చక్రం మీద సున్నా ఎక్కడుందో అదే నిజమైన టీడీసీ, ఇంక దాంట్ల వాదన లేదు. వెనక్కి తిప్పేటప్పుడు రోటర్ నట్టుకు పానా వేసి తిప్పకండి, నట్టు లూజయితది, బండి వెనక చక్రమే తిప్పండి.

సున్నా కాడ పాయింటర్‌కు ఎదురుగ రోటర్ మీద వైట్‌నర్‌తో సన్నటి గీత. తర్వాత 32 కాడ ఇంకో గీత, ఇది ఎర్ర నెయిల్ పాలిష్. ఇంజన్ తిరిగేటప్పుడు పాయింటర్ దగ్గరికి ముందు ఎర్ర గీత రావాలె, ఆ తర్వాత తెల్ల గీత. ఉల్టా గీస్తే టీడీసీ దాటినంక 32 అయితది, కాబట్టి చక్రం తీసే ముందు ఇంకోసారి ముందుకు తిప్పి చూస్కోవాలె. గీతలు ఎండినంక సీడీ తీసేసిన, దాన్ని పెట్టుకొని ఇంజన్ స్టార్ట్ చేసే ఆలోచన అస్సలు వద్దు, పగిలి ముక్కలు మొఖానికి వస్తయి.

ఇప్పుడు స్టాటిక్ సెట్టింగ్, అంటే ఇంజన్ బంద్ ఉండంగ పెట్టేది. స్టాప్ తీసేసి, ఎర్ర గీత పాయింటర్ కిందికి తెచ్చిన, కంప్రెషన్ స్ట్రోకులోనే. బుల్లెట్‌లో క్రాంకు నుంచి డిస్ట్రిబ్యూటర్ దాకా గేర్ల వరుస ఉంటది, ముప్పై ఏండ్ల గేర్లల్ల కొంత ఆట (లూజు) ఉండనే ఉంటది. గీతకు ముందుకు తిప్పుకుంటనే రావాలె, దాటిపోతే వెనక్కి గీత కాడికి తీస్కొచ్చి ఆపొద్దు, బాగా వెనక్కి పోయి మళ్ళ ముందుకు రావాలె. ఇగ్నిషన్ ఆన్ చేసి, సెన్సార్ ప్లేటు రెండు స్క్రూలు లూజు చేసి మెల్లగ తిప్పుకుంట పోతే ప్లేటు మీద చిన్న ఎర్ర ఎల్‌ఈడీ ఆరిపోయే చోటు ఒకటి దొరుకుతది, అక్కడ బిగించుడే. చెప్పడానికి ఇంతే గానీ చేతికి దొరకడం కష్టం, ఎందుకంటే డిస్ట్రిబ్యూటర్ క్రాంకులో సగం స్పీడుతో తిరుగుతది, ప్లేటు 1 డిగ్రీ జరిగితే క్రాంకు మీద 2. అంచు మీద ఒక మిల్లీమీటర్ అంటే అలవోకగ మూడు నాలుగు డిగ్రీలు. స్క్రూ బిగిస్తుంటేనే ప్లేటు దాంతో పాటు కదులుతది, బిగించినంక మళ్ళ తిప్పి చూస్తే ఎల్‌ఈడీ ఇంకోకాడ ఆరుతది, మళ్ళ లూజు, మళ్ళ బిగింపు. మా తమ్ముడు పక్కన కూసొని ఎల్‌ఈడీ చూస్తుంటే నేను తిప్పిన. వాడి ఓపికకు దండం.

టైమింగ్ లైట్ పెట్టే ముందు రెండు చిన్న పనులు. కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్ చూసిన, 3 ఓమ్స్ పైన ఉంది, ఇది కిట్ అడిగిన లెక్కకు సరిపోయింది. ఎవరో మంచిదని చెప్పిన్రని కారుది తక్కువ ఓమ్స్ కాయిల్ తగిలిస్తే డబ్బా కాలిపోతది. ప్లగ్ క్యాప్ రెసిస్టర్ ఉన్నదే ఉండాలె, లేకుంటే స్పార్కు అలజడికి డబ్బా తలతిక్కగ ప్రవర్తిస్తది. టైమింగ్ లైట్‌కు కరెంటు బండి బ్యాటరీ నుంచి తీస్కోకుండ పక్కన వేరే 12 వోల్ట్ బ్యాటరీ పెట్టుకోండి, ఈ రెండూ ఒక్క బ్యాటరీ మీద ఉంటే రీడింగులు ఎగురుతయి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేద్దామనుకుంటే వాచ్‌మెన్ పైకి చూసిండు, పైన సెక్రటరీ బాల్కనీ. పొగ కూడా నిలుస్తది, మంచిది కాదు. చీకటి పడే టైముకు బయట గేటు పక్కన పెట్టుకున్నం, ఎండల ఆ లైటు కనపడదు. బండి ముందు టేబుల్ ఫ్యాన్ పెట్టిన, గాలితో చల్లారే ఇంజన్ నిలబెట్టి రేజ్ చేస్తే ఊరికే మండిపోతది కదా. కవర్ లేదు కాబట్టి ప్రైమరీ చైను బయటికే తిరుగుతుంటది, ఫుల్ చేతుల చొక్కా, కండువా ఇట్లాంటివేం వద్దు, ఆయిల్ చిమ్మకుండ అట్టముక్క అడ్డం.

స్టార్ట్ చేసి లైటు కొడితే గీతలు నిలబడ్డట్టు కనపడ్తయి, మొదటిసారి చూస్తే మస్తు అనిపిస్తది. ఐడిల్‌లో తెల్ల గీతకు కొంచెం ముందు. తమ్ముడు యాక్సిలరేటర్ పెంచుకుంట పోతుంటే ఎర్ర గీత మెల్లగ పాయింటర్ దిక్కు నడిచొస్తది. బుల్లెట్‌కు ఆర్‌పీఎం మీటర్ లేదు, పేపర్‌లో 3500 మీద చూడమంటరు, ఎట్ల తెలుస్తది? నంబరుతో పని లేదు. గీత కదులుడు ఆగిందంటే ఫుల్ అడ్వాన్స్ వచ్చింది, ఇంక పెంచినా అక్కడే ఉంటది. అది ఎక్కడ ఆగిందో అదే మనకు కావాల్సింది. నాది ఎర్ర గీత దాటి కొంచెం ముందుకు పోయి ఆగింది. ఇంజన్ బంద్ చేసి, ప్లేటు ఒక వెంట్రుక అంత జరిపి, మళ్ళ స్టార్ట్. గీత కత్తిరిచ్చినట్టు సన్నగ మాత్రం కనపడదు, రెండు డిగ్రీల వెడల్పుల వణుకుతుంటది, అది గేర్ల ఆట, దాని నడిమిని లెక్క తీస్కోవాలె.

ముందు షాపోళ్ళు పెట్టిన ప్లేటు జాగకు నేను విప్పే ముందే స్కెచ్‌తో గుర్తు పెట్టుకున్న, ఊరికే తెలుసుకుందామని ప్లేటును ఆ గుర్తుకు పెట్టి కూడా లైటు కొట్టిన. ఫుల్ అడ్వాన్స్ 18 చుట్టూ. ఐడిల్‌లో స్పార్కు టీడీసీ దాటినంక పడ్తుంది. అట్లనే నన్ను ఇన్ని రోజులు మోసిందంటే ఈ ఇంజన్‌కు ఓపిక ఎక్కువే అనుకోవాలె.

32 కాడ బిగిచ్చి, కవర్ పెట్టి, ఆయిల్ పోసి, మరుసటి పొద్దున చేవెళ్ళ మర్రిచెట్ల రోడ్డు మీదుగ వికారాబాద్ దిక్కు పోయిన. బండి వేరే బండి అయిపోయింది. టాప్‌లో నలభై మీద నుంచి యాక్సిలరేటర్ ఇస్తే నెమ్మదిగనే గానీ ఆగకుండ ఎక్కుతది, మోకాలి సెగ లేదు, సైలెన్సర్‌లో పట్ పట్ బంద్. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ఒక సంగతి తేలింది. కావాలనే థర్డ్‌కు దించకుండ టాప్‌లోనే గుంజిస్తే లోపల నుంచి సన్నగ, స్టీలు ప్లేటు మీద ఆవాలు పోసినట్టు చప్పుడు. నాకింగ్, అంటే లోపల పెట్రోలు పద్ధతిగ మండకుండ పేలుడు. లోపల కార్బన్ ఎంతుందో, బోరు పెద్దగ చేసి పెద్ద పిస్టన్ వేసే ఓవర్‌సైజులు ఎన్ని అయినయో, పేపర్ రాసినోనికి నా ఇంజన్ గురించి ఏం తెలుసు. ఇంటికొచ్చి 30కి వెనక్కి తీసిన. మళ్ళ అదే ఘాట్, అదే గేరు, చప్పుడు లేదు, గుంజుడులో తేడా నాకు తెలియలే. ప్లగ్గు తీసి చూస్తే లేత గోధుమ రంగు. అక్కడే ఉంచిన, ప్లేటుకూ బాడీకీ కలిపి సూదితో గీత గీసిన.

కిక్కు ఇప్పుడు ముందున్నంత అల్కగ లేదు, మామూలు బుల్లెట్ కిక్కే. అమ్మీటర్ ముల్లు నడిమికి తెచ్చి, డీకంప్రెషన్ లీవర్ పట్టి కొంచెం దాటిచ్చి కొట్టే పాత అలవాటు ఉన్నోళ్ళకు ఒక మాట: ఎలక్ట్రానిక్‌లో ముల్లు అట్ల చెప్పదు, ఇంజన్ తిరగకుంటే డబ్బా కాయిల్‌కు కరెంటు ఆపేస్తది, ముల్లు నడిమిలనే ఉంటది. కాలితో కంప్రెషన్ తెలుసుకొని లీవర్ నొక్కి దాటిచ్చుడు నేర్చుకోవాలె. బ్యాటరీ నీరసంగ ఉంటే ఇంకో తలనొప్పి, పాయింట్లయితే చచ్చిన బ్యాటరీతో కూడా తోసి స్టార్ట్ చేసేటోళ్ళం, ఈ డబ్బాకు 10 వోల్టుల కిందికి పోతే బుద్ధి పనిచెయ్యదు.

చాచాకు తీస్కపోయి చూపిచ్చిన. చెయ్యి పైపు దగ్గర పెట్టి చూసి, ఒక రౌండు కొట్టొచ్చి, "అబ్ ఠీక్ హై" అన్నడు, ఆ వెంటనే పాత పాయింట్ ప్లేటు, వెయిట్లు, కండెన్సర్ పారేశినవా అని అడిగిండు. పారెయ్యలే, గుడ్డల చుట్టి టూల్ బాక్స్‌లో పెట్టిన. దూరం పోయినప్పుడు డబ్బా చచ్చిపోతే అవి ఎక్కిచ్చుకొని ఇంటికి రావొచ్చు, అప్పుడు మాత్రం మళ్ళ ఆ 0.8 లెక్కే.